బేస్ మోడల్ ఈవీలో పాట పలకాలంటే

ఎలక్ట్రిక్ కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. దాని ఖర్చు తగ్గించడం కంపెనీల చేతుల్లో పెద్దగా లేదు. అందుకే బేస్ మోడల్ ధర అందుబాటులో ఉంచడానికి మిగతా చోట్ల కత్తెర వేస్తాయి. ఆ కత్తెర మొదట పడేవాటిలో సౌండ్ సిస్టమ్ ఒకటి. టాటా నెక్సాన్ ఈవీ పై రకాల్లో సబ్‌వూఫర్‌తో కలిపి 9 జేబీఎల్ స్పీకర్లు ఉంటాయి. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ పై రకాల్లో 8 బోస్ స్పీకర్లు. మహీంద్రా బీఈ 6 ఖరీదైన రకాల్లో ఏకంగా 16 హర్మన్ కార్డన్ స్పీకర్లు. కింది రకాలకు, చిన్న కార్లకు వచ్చేసరికి కొన్నిటిలో నాలుగే ఉంటాయి, ఒక్కోసారి రెండే. షోరూం వాళ్లు ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఈ తేడా ఎవరికీ పట్టదు. కారు ఇంటికొచ్చాక, మొదటి దూర ప్రయాణంలో తెలుస్తుంది.

పెట్రోలు కారులో ఇంజిన్ చప్పుడు చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినా ఆ గుర్రు ఆగదు. స్పీకర్ గరగర, డోర్ ప్యాడ్ గలగల అందులో కలిసిపోతాయి. ఎలక్ట్రిక్ కారు ఆగితే లోపల దాదాపు నిశ్శబ్దమే. నంబర్ ప్లేటు అదురు, వెనక సీటు బెల్టు బకిల్ టకటక, నాసిరకం స్పీకర్ బొంగురు అన్నీ విడివిడిగా చెవిన పడతాయి. వేగం పెరిగేకొద్దీ పరిస్థితి మారుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద 80, 90 కిలోమీటర్ల వేగంలో ఏ కారులోనైనా టైర్ల రొద, గాలి హోరుదే రాజ్యం. బ్యాటరీ బరువు వల్ల ఎలక్ట్రిక్ కారు టైర్ల మీద భారం ఇంకాస్త ఎక్కువ. కారు లోపలికి చేరే టైరు రొద చాలావరకు కొన్ని వందల హెర్ట్జ్ లోపు పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. మృదంగం ఎడమచేతి వైపు నాదం, బాస్ గిటారు, డ్రమ్ము దెబ్బ పలికేదీ ఆ పరిధిలోనే. రొద వాటిని మింగేస్తుంది. వినేవాళ్లు వాల్యూమ్ పెంచుతారు. అప్పుడు పైస్వరాలు చెవిలో గుచ్చుకుంటాయే తప్ప పోయిన మంద్రం తిరిగి రాదు. ఇంటి ముందు ఆపి విన్నప్పుడు నిండుగా ఉన్న పాట హైవే ఎక్కగానే పలచబడటానికి కారణం ఇదే.

సౌండ్ మెరుగుపరచాలనుకున్నవాళ్లు చాలామంది ముందుగా స్పీకర్లు కొంటారు. మొదటి డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద కాదు, అది కూర్చునే డోర్ మీద. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. వెనక అలకు ముందువైపు వచ్చే దారి దొరికితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైస్వరాలకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు, దెబ్బ తినేది బాస్. కారు డోరు లోపలి రేకులో గ్లాసు మోటారు, లాకు బిగించడానికి వదిలిన పెద్ద పెద్ద కంతలుంటాయి. వెనక అల తప్పించుకునేది వాటి గుండానే.

గ్లాసు స్విచ్చుల పక్కన, హ్యాండిల్ గిన్నెలో మూతల వెనక దాగిన స్క్రూలు తీసి, అంచుల క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీస్తే డోర్ ప్యాడ్ చేతికొస్తుంది. చాలా కార్లలో దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. ఆ షీటు పక్కకు తీసి బయటి రేకును వేలి కణుపుతో కొడితే ఖాళీ డబ్బాలా టంగుమంటుంది. స్పీకర్ మోగినప్పుడల్లా ఆ రేకు తనూ మోగుతోందన్నమాట. దీనికి మందు అల్యూమినియం రేకు పూత ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటు, అంటే డ్యాంపింగ్ షీటు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. డోరు లోపలి దుమ్ము, నూనె జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. షీటు అంటించాక, దాని మీది అచ్చు గీతలు అణిగిపోయేదాకా చిన్న రోలరుతో గట్టిగా రుద్దాలి. రోలరు పడని చోట షీటు అంటినట్టు కనిపిస్తుందే కానీ పని చేయదు. రేకు అదురు ఆపడానికి దాన్ని మొత్తం కప్పనక్కర్లేదు. పావు వంతు నుంచి సగం కప్పితే చాలు. షాపులో ‘ఫుల్ డోర్’ అని బిల్లు పెంచేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే మంచిది. పని అయ్యాక అదే చోట కొడితే ‘దబ్’ మని మొద్దు చప్పుడు రావాలి.

ఇక్కడ చవకకు పోతే తర్వాత తిప్పలే. తారుతో చేసిన షీట్లు బ్యూటైల్ కన్నా చౌకగా దొరుకుతాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు రేకు వేడికి అవి మెత్తబడి జారతాయి, క్యాబిన్ అంతా తారు వాసన పట్టిస్తాయి. వాన నీటి సంగతీ చూడాలి. గ్లాసు పక్కనుంచి దిగే వాన నీరు డోరు లోపలికే వెళ్లి అడుగున ఉన్న కంతల గుండా బయటికి పోతుంది. ఆ కంతలు మూసుకుపోతే డోరు లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. తీసిన ప్లాస్టిక్ షీటును చెక్కు చెదరకుండా తిరిగి అంటించకపోతే తడి క్యాబిన్‌లోకి వస్తుంది. వెనక అలను ఆపడానికి లోపలి రేకు కంతలు మూసే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగును తెరిచే సెన్సర్ డోరు లోపలి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. అలాంటి డోరులో కొత్త కంత వదిలినా, ఉన్నదాన్ని మూసినా సెన్సర్ లెక్క తప్పే ప్రమాదం ఉంది. ఆ కారులో ఏ రకం సెన్సర్ ఉందో సర్వీస్ సెంటర్‌లో కనుక్కోకుండా లోపలి రేకు జోలికి పోకూడదు. బయటి రేకుకు లోపలివైపున అంటించే షీటుతో ఈ చిక్కు లేదు.

తర్వాతి వంతు స్పీకర్లది. చాలా కార్ల ముందు డోర్లలో 6.5 అంగుళాల స్పీకర్ పడుతుంది. మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. మంద్రం పలికే వూఫర్ మధ్యలోనే పైస్వరాలు పలికే ట్వీటర్ ఉండేది కోయాక్సియల్. వూఫర్ డోరులో, ట్వీటర్ విడిగా పైన అద్దం మూలలోనో డ్యాష్‌బోర్డు చివరనో పెట్టేది కాంపోనెంట్. పైస్వరాలు దిశ పట్టుకుని ప్రయాణిస్తాయి. మోకాలి దగ్గర ట్వీటర్ ఉంటే గాయకుడు మోకాళ్ల దగ్గర కూర్చుని పాడుతున్నట్టుంటుంది, పైన ఉంటే గొంతు డ్యాష్‌బోర్డు మీదికి వస్తుంది. కాబట్టి ముందు డోర్లకు కాంపోనెంట్ పెట్టడమే మేలు. ట్వీటర్ వైరు ముందు అద్దం పక్క స్తంభం గుండా లాగాల్సి వస్తే, కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో అది బ్యాగు వెనక నుంచే పోవాలి. ముందు నుంచి పోతే, తెరుచుకునే బ్యాగుకు ఆ వైరే అడ్డం. వెనక స్పీకర్ల మీద ఖర్చు పెట్టడం, ముందు కూర్చునేవాళ్ల వరకు చూస్తే దండగే. వెనక ఎప్పుడూ పిల్లలో పెద్దవాళ్లో ఉండే ఇంట్లో ఒక మామూలు కోయాక్సియల్ జత సరిపోతుంది.

స్పీకర్ పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే అంకె వాట్లు. చూడాల్సిన అంకె అది కాదు, సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో అది డెసిబెల్స్‌లో చెబుతుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు పవర్‌తో సమానం. 93 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో చేసే పని 90 డెసిబెల్స్ స్పీకర్ 40 వాట్లతో చేస్తుంది. కంపెనీ స్టీరియోతోనే నడపాలనుకునేవాళ్లకు ఈ ఒక్క అంకె మిగతా గుణాలన్నిటికన్నా ముఖ్యం.

ఆ స్టీరియో అసలు ఎంత ఇస్తుంది? స్టీరియోల పెట్టెల మీద ‘50 వాట్లు × 4’ అని కనిపిస్తుంది. లెక్క వేస్తే గుట్టు తెలుస్తుంది. కారులో దొరికేది దాదాపు 14.4 వోల్టులు. స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లు. 14.4ను వర్గం చేసి 4తో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. ఆ 50 పుట్టింది ఇక్కడే. కానీ అంత పవర్ రావాలంటే శబ్ద తరంగం పైన, కింద నరికేసిన చతురస్రంలా ఉండాలి. అది సంగీతం కాదు, రొద. నున్నని తరంగానికి గరిష్ఠం అందులో సగం, 26 వాట్లు. లోపలి నష్టాలు పోగా చేతికి మిగిలేది 20 వాట్లకు అటూ ఇటూ. ఆగకుండా ఇవ్వగల పవర్‌ను చెప్పే, ఆర్‌ఎంఎస్ అని రాసి ఉండే అంకెను మాత్రమే నమ్మాలనడం అందుకే.

పెట్రోలు కార్లలో స్టీరియోనే పీకేసి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించడం కార్ డెకార్స్ షాపుల్లో రోజూ జరిగే పని. ఎలక్ట్రిక్ కారులో ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది. చార్జింగ్ సెట్టింగులు, వెనక కెమెరా, కారు హెచ్చరికలు చాలా మోడళ్లలో ఆ స్క్రీన్‌తోనే ముడిపడి ఉంటాయి. కొన్నిటిలో ఇండికేటర్ టిక్కు, పార్కింగ్ బీప్ కూడా ఆ స్పీకర్ల నుంచే రావాలి. స్టీరియోను అలాగే ఉంచి, దాని స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకునే యాంప్లిఫయర్ పెట్టడం తేలిక దారి. స్పీకర్ సిగ్నల్‌ను నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ అయితే సిగ్నల్ మార్చే ఇంకో డబ్బా అక్కర్లేదు. వైర్లు కోసి టేపు చుట్టే పని మాత్రం ఒప్పుకోకూడదు. ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. కంపెనీ కప్లర్‌కూ యాంప్‌కూ మధ్య అవి బిగిస్తే ఒరిజినల్ వైరింగ్ అలాగే ఉంటుంది, వద్దనుకుంటే ఊడదీసి పాత స్థితికి తేవచ్చు. సర్వీస్‌లో వారంటీ గొడవ మొదలయ్యేది కోసిన వైరు దగ్గరే. ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ ఉన్న కారులో వంద రూపాయల టేపు పనికి దాన్ని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

యాంప్ అనగానే ఎలక్ట్రిక్ కారు యజమాని అడిగే మొదటి ప్రశ్న: రేంజ్ తగ్గుతుందా? లెక్కకు 24 కిలోవాట్ అవర్ల, అంటే 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఈవీని తీసుకోవచ్చు. నాలుగు చానళ్లు కలిపి 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్న యాంప్ కూడా పాట నడుస్తున్నంతసేపూ 300 వాట్లూ ఇవ్వదు. సంగీతంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది. గట్టిగా విన్నా సగటు అందులో ఎనిమిదో వంతు ఉంటుందని ఇంజినీర్లు లెక్కలో తీసుకుంటారు. యాంప్ నష్టాలు కలిపితే సుమారు 60 వాట్లు. గంటకు 0.06 యూనిట్. నాలుగు గంటలు ఏకధాటిగా విన్నా బ్యాటరీలో ఒక శాతం. ఎండాకాలం ఏసీ లాగే కరెంటు దీనికి ఎన్నో రెట్లు. పాటకు భయపడి రేంజ్ లెక్కలేసుకోనక్కర్లేదు. అలాగని ఏ యాంపైనా ఒకటే అనుకోకూడదు. క్లాస్ డీ యాంప్ తీసుకున్న కరెంటులో 80 శాతానికి పైగా స్పీకర్లకు అందించగలదు. పాత పద్ధతి క్లాస్ ఏబీ దాదాపు సగాన్ని వేడిగా వదిలేస్తుంది. సీటు కింద ఇరుకులో పెట్టే యాంప్‌కు ఆ వేడే శత్రువు.

అసలు జాగ్రత్త చూపాల్సింది పెద్ద బ్యాటరీ దగ్గర కాదు, చిన్న బ్యాటరీ దగ్గర. ఎలక్ట్రిక్ కారులో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ వందల వోల్టులను డీసీ-డీసీ కన్వర్టర్ 12 వోల్టుల స్థాయికి దించి లైట్లకు, స్టీరియోకు ఇస్తుంది, పక్కనే ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీని నింపుతూ ఉంటుంది. కారు ‘రెడీ’లో ఉన్నంతసేపూ ఆ కన్వర్టర్ పని చేస్తుంది. రెడీ చేయకుండా ఉత్తి యాక్సెసరీ మోడ్‌లో పాటలు పెట్టుకుని కూర్చుంటే చాలా కార్లలో భారమంతా చిన్న బ్యాటరీ మీదే పడుతుంది. అది కాస్తా పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే కాంటాక్టర్లు మూసుకోవాలన్నా ఆ 12 వోల్టులే కావాలి. పెళ్లి వారి విడిది ముందు డోర్లు తెరిచి రెండు గంటలు పాటలు వేసినప్పుడు జరిగేది ఇదే. ఆగి ఉన్నప్పుడు వినాలంటే కారును రెడీలో ఉంచాలి. యాంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరును కారు ఆపగానే కరెంటు పోయే చోట కలిపితే, రాత్రంతా యాంప్ చిన్న బ్యాటరీని తాగే బాధ ఉండదు.

కరెంటు వైరు విషయంలో షాపుల్లో ఒక కిటుకు నడుస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి వైరు ధరకు అంటగడతారు. అదే మందంలో అల్యూమినియం వాహకత రాగి వాహకతలో సుమారు 60 శాతమే. వైరు చివర చాకుతో గీరితే తెల్లటి లోహం బయటపడుతుంది. 300 వాట్ల యాంప్ నిండుగా పని చేస్తే 25 ఆంపియర్లు దాటుతుంది కాబట్టి అసలు రాగి వైరే వేయాలి. బ్యాటరీ నుంచి జానెడు, రెండు జానల దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది యాంప్‌ను కాదు, బ్యాటరీకీ యాంప్‌కూ మధ్య కారంతా పాకే వైరును. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింటు గీకిన శుభ్రమైన రేకుకు బిగించాలి. సీటు బెల్టు బోల్టు దానికి చోటు కాదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గీకిన చోట తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి బిగించాక పైన పూత వేయడం మరవకూడదు.

నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. వాటిని కదపడం, వాటికి వైర్లు కట్టడం, పక్కనే సిగ్నల్ వైరు లాగడం ఏదీ చేయకూడదు. పక్కనే లాగితే మోటారుకు కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ స్విచింగ్ రొద స్పీకర్లలోకి చేరవచ్చు. మీడియం వేవ్ ఆకాశవాణిని గరగరలాడించేదీ ఆ రొదే. కొన్ని కంపెనీలు తమ ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం రేడియోనే ఎత్తేశాయి. ఇక ఫ్లోరులో డ్రిల్లు పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. పెట్రోలు కారులో యాంప్‌ను రెండు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో కింద బిగించేయడం అలవాటైన చేతులు ఇక్కడా అదే చేయబోతాయి. ఈ కార్లలో ఆ రేకు కిందే బ్యాటరీ ప్యాకు ఉంటుంది. సీటు రెయిలుకు బ్రాకెట్, లేదంటే గట్టి వెల్‌క్రో చాలు.

సబ్‌వూఫర్ అవసరమా అంటే, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు అవసరమే. ఒకే గట్టిదనంతో ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 6.5 అంగుళాల స్పీకర్‌కు అంత శక్తి ఉండదు. 80 హెర్ట్జ్ కింది భారం సబ్‌వూఫర్‌కు అప్పగిస్తే డోర్ స్పీకర్లు తేలికపడి గొంతులు కూడా తేటగా పలుకుతాయి. డిక్కీలో సగం మింగే పెద్ద పెట్టె కన్నా సీటు కింద పట్టే, లోపలే యాంప్ ఉన్న 8 అంగుళాల యాక్టివ్ సబ్ చిన్న కారుకు నప్పుతుంది. స్టెప్నీ ఉంటే దాని గుంటలో కూర్చునే రకాలూ దొరుకుతాయి. ఘంటసాల పాత పాటలే లోకమైన ఇంట్లో మాత్రం సబ్‌కు పనే ఉండదు. 1950ల నాటి ఆ రికార్డింగుల్లో అంత లోతు మంద్రం లేదు. ఆ డబ్బుతో మంచి ట్వీటర్లు కొనుక్కోవడం మేలు.

కొన్నవన్నీ బిగించాక మిగిలేది ట్యూనింగ్. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. ఆ తేడా 60 సెంటీమీటర్లయితే, గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి, కుడి స్పీకర్ శబ్దం ఎడమదాని కన్నా సుమారు 1.7 మిల్లీసెకన్లు ముందు చెవికి చేరుతుంది. అంత చిన్న తేడాకే గొంతు కుడి డోరు వైపు లాగేసినట్టుంటుంది. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) అనే పరికరం కుడి స్పీకర్‌ను సరిగ్గా అంతసేపు ఆపుతుంది. టేపుతో దూరాలు కొలిచి అంకెలు ఎక్కించగానే గాయని డ్యాష్‌బోర్డు మధ్యకు వచ్చి నిలబడుతుంది. ఒక్క పని చూసి డబ్బు గిట్టుబాటైందనిపించేది ఇక్కడే. పెద్ద పేరున్న స్పీకర్లకూ దీనికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే డీఎస్పీ ఉన్న యాంప్‌కే ఓటు. కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగేకొద్దీ చిన్న స్పీకర్లు పాడవకుండా బాస్ తగ్గిస్తాయి. ఆ వంకరను కూడా డీఎస్పీతోనే కొంతవరకు సరిచేయాలి.

యాంప్ మీద ఉండే గెయిన్ మర వాల్యూమ్ కాదు. స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, శబ్దం చిరిగినట్టు మొదలయ్యే చోటికి కాస్త ఇవతలే గెయిన్ ఆపాలి. ట్వీటర్లు మాడిపోయేది ఎక్కువ వాట్ల వల్ల కన్నా ఈ చిరిగిన శబ్దం వల్లే ఎక్కువ. ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తారుమారైతే బాస్ మాయమవుతుంది. గోడ గడియారం సెల్‌ను వైర్లకు ఒక్క క్షణం ఆనించి చూస్తే, ప్లస్ సరిగా ఉన్నప్పుడు కోన్ బయటికి వస్తుంది. పాటను బ్లూటూత్ మీద కాకుండా యూఎస్‌బీ నుంచో ఆండ్రాయిడ్ ఆటో నుంచో వింటే, ఇంత ఖర్చు పెట్టిన వ్యవస్థకు తగిన సిగ్నల్ అందుతుంది. ఎంత గట్టిగా అన్నదానికీ హద్దుంది. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. మెల్లగా వెళ్లేటప్పుడు పాదచారులను హెచ్చరించడానికి కారు బయట ఉండే స్పీకర్ ఈ పనిలోకి రాదు. దాని వైరింగ్ ముట్టకూడదు.

పని మొదలుపెట్టే ముందు కారు పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగు వ్యవస్థలో నిలవ ఉన్న కరెంటు దిగడానికి ఆ సమయం కావాలి. పని పూర్తయ్యాక బిల్లులు పారేయకూడదు. కంపెనీ బిగించని ఎలక్ట్రానిక్ సామాన్లు మామూలు బీమా పాలసీలోకి వాటంతట అవి రావు. వాటి విలువ చెప్పి, ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ కింద విలువలో 4 శాతం అదనపు ప్రీమియం కట్టాలి. తీసిన పాత స్పీకర్లను, మిగిలిన కప్లర్లను ఒక అట్టపెట్టెలో దాస్తే కారు అమ్మేరోజున కొత్తవి తీసుకుని పాతవి బిగించి ఇవ్వొచ్చు.